కాపలాకు కాదు, తొక్కడానికి వెళ్లండి

ప్రశ్న: మాది పటమట. నాకు 43 ఏళ్లు, స్కూల్లో టీచర్‌ని. మా అబ్బాయికి 16 నిండాయి, ఇంటర్ మొదటి సంవత్సరం. సంక్రాంతి సెలవుల్లో కొండపల్లి కొండల దగ్గర ఒక రోజు మౌంటెన్ బైకింగ్‌కి తీసుకెళ్తామని కొందరు ప్రకటన ఇచ్చారు. గైడ్, గేర్ సైకిల్, హెల్మెట్, మధ్యాహ్నం భోజనం అన్నీ కలిపి మనిషికి 1,800 రూపాయలు. మావాడి స్నేహితులు ఇద్దరు వెళ్తున్నారు. ఒక్కణ్నే పంపడానికి ధైర్యం చాలక, నేనూ వస్తానంటేనే పంపుతానన్నాను. మొహం ముడుచుకుని, చివరికి సరే అన్నాడు. ఇప్పుడు టెన్షన్ నాకు పట్టుకుంది. నేను సైకిల్ తొక్కి ఇరవై ఏళ్లు దాటింది. బీపీకి మాత్ర వేసుకుంటాను. 'చదువుకునే రోజుల్లో ఈ సరదాలేంటి' అని మావారు. 'ఈ వయసులో ఎముక విరిగితే ఎవరు చూస్తారు' అని అత్తయ్యగారు. వెళ్లడానికి ఇంకా నెల ఉంది గానీ డబ్బు ఈ వారంలోనే కట్టాలట. వెళ్లమంటారా? వెళ్తే ఏం చూసుకోవాలి?
ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం:

వెళ్లండమ్మా. మీ వయసు గానీ, సైకిల్ వదిలేసి ఇరవై ఏళ్లు కావడం గానీ, బీపీ మాత్ర గానీ అడ్డు కాదు. వాటికి తగ్గట్టు సిద్ధం కావడానికి నెల రోజులు చేతిలో ఉన్నాయి. నాకు నచ్చనిది ఒక్కటే. మీరు కొడుక్కి కాపలాగా వెళ్లాలనుకుంటున్నారు. కొండదారిలో అది కుదరదు. చాలాచోట్ల దారి ఒక్క సైకిల్ పట్టేంతే ఉంటుంది. వాడు ముందుంటాడు, మీరు వెనకుంటారు, మధ్యలో ఇంకో నలుగురుంటారు. వాడి వీపు మీద చూపు పెట్టి తొక్కితే మీ చక్రం ముందున్న రాయి మీకు కనబడదు. అప్పుడు పడేది మీరే. వాణ్ని కనిపెట్టుకుని ఉండడం గైడ్ పని, ఆ పనికే మీరు డబ్బు కడుతున్నారు. కాబట్టి తల్లిగా మీ జాగ్రత్త అంతా ఇప్పుడు, ఈ వారంలో, ఆ గైడ్ ఎలాంటివాడో తెలుసుకోవడంలో పెట్టండి. ఆ రోజున మాత్రం మీ సైకిల్ మీరు తొక్కండి.

ఇది ఎవరో కుర్రాళ్లు కొత్తగా కనిపెట్టిన వేడుక అని మీవారు అనుకుంటూ ఉండొచ్చు. 1970లలో అమెరికాలో, కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీలో కొందరు పాత బరువు సైకిళ్లతో టమాల్పాయస్ అనే కొండ మట్టిదారుల్లో దిగడంతో ఈ ఆట ఊపందుకుంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నుంచి పతకాలు ఇచ్చే పోటీ కూడా. ఆ మొదటి రోజుల సైకిళ్లకు బ్రేకు వెనక చక్రం ఇరుసులోనే ఉండేది. కొండ దిగేసరికి అది కాగిపోయి లోపలి గ్రీజు పొగలా మాడిపోయేది, మళ్లీ గ్రీజు కూరితే తప్ప తొక్కలేకపోయేవాళ్లు. ఇప్పుడు డిస్క్ బ్రేకులు వచ్చి ఆ బాధ తప్పించాయి గానీ వేడి ఎక్కడికీ పోలేదు. పొడుగు దిగుడు దిగి ఆగాక చక్రం మధ్యలోని ఆ ఇనుప పళ్లేన్ని ముట్టుకుంటే వేలు కాలుతుంది. ఈ ఒక్క మాట మీ అబ్బాయికీ వాడి స్నేహితులకూ ముందే చెప్పి ఉంచండి, ఆగగానే అందరూ ముందు దాన్నే ముట్టుకుంటారు.

ఇక ఆ కొండల సంగతి. గొల్లపూడి దాటి హైదరాబాద్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం వైపు వెళ్తుంటే కుడిచేతి పక్క కనిపించేవి అవే. 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టిన కొండపల్లి కోట వాటి మీదే ఉంది. మన ఇళ్లలో బొమ్మల కొలువుకు తెచ్చుకునే కొండపల్లి బొమ్మల తెల్లపొణికి కర్ర ఆ అడవుల్లో పెరిగేదే. అక్కడి బాటలు సైకిళ్ల కోసం వేసినవి కావు. మేకలు తోలుకెళ్లేవాళ్లు, పుల్లలకు వెళ్లేవాళ్లు నడిచి నడిచి పడ్డ దారులు. ఎర్రగా, గరపగా, పైన వదులు రాళ్లతో ఉంటాయి. రెండు పక్కలా తుమ్మ, రేగు. అందుకే ఇక్కడ కిలోమీటర్ల లెక్క పనికిరాదు. రోడ్డు మీద గంటలో తొక్కేసే దూరానికి ఇక్కడ రెండు మూడు గంటలు పడుతుంది. 'రోజంతా కలిపి ఇరవై కిలోమీటర్లేనా' అని ఎవరైనా చప్పరిస్తే పట్టించుకోకండి. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇరవై చాలా ఎక్కువ, పది పన్నెండు సరిపోతుంది.

కొండపల్లి కొండల్లో ఎక్కువ భాగం రిజర్వు ఫారెస్టు. అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి పోకూడదు. కాబట్టి ఫోన్‌లో మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: మమ్మల్ని ఏ దారిన తీసుకెళ్తున్నారు, దానికి అనుమతి ఉందా? 'అదంతా మేం చూసుకుంటాం మేడమ్' అనేది జవాబు కాదు. అనుమతి ఉన్నవాడు కాగితం చూపిస్తాడు. లేదా 'మేం అడవిలోకి పోం, కొండ కింద ఊళ్ల మధ్య డొంకదార్లలోనే తిప్పుతాం' అని దారి పేరుతో సహా చెబుతాడు. నిజానికి కొత్తవాళ్లకు ఆ డొంకదార్లే హాయి. ఇందులో చట్టం భయం ఒక్కటే కాదు. అనుమతి లేకుండా లోపలికి వెళ్లినవాడు ఎవరికైనా దెబ్బ తగిలితే ఫోన్ చేయడానికి జంకుతాడు. ఎక్కడున్నామో చెబితే తన గుట్టు బయటపడుతుందని ఆలోచిస్తాడు. మీ అబ్బాయి పక్కన ఉండాల్సిన మనిషి అలా ఆలోచించేవాడు కాకూడదు.

రెండో ప్రశ్న: ఎంతమందికి ఎందరు గైడ్లు? ఒక్క మనిషి పదిహేను మందిని వెంటేసుకుని కొండదారికి వెళ్లడం నేను చూశాను. ముందున్న కుర్రాళ్లతో పాటు అతనూ ముందే పోతాడు. వెనకబడ్డవాళ్లు చీలిక దగ్గర ఆగి, ఎటు వెళ్లాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కొత్తవాళ్లు ఉన్న గుంపులో ఆరేడుగురికి ఒక గైడ్ ఉండాలి. అది కాక అందరికంటే వెనక ఒక మనిషి తప్పకుండా ఉండాలి. ఆ వెనకాయన ఎవరినీ దాటకూడదు, పంక్చర్ అయినా, చైన్ ఊడినా, ఎవరైనా నడుస్తానన్నా వాళ్లతోనే ఆగాలి. 'వెనక ఎవరు వస్తారు, ఆయనకు పంక్చర్ వేయడం వచ్చా' అని పేరు పెట్టి అడగండి. ప్రతి చీలిక దగ్గర అందరూ వచ్చేదాకా ఆగుతారా అని కూడా.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. ఏమైతే వెనక్కి తిప్పేస్తారు? మంచి గైడ్ దగ్గర దీనికి జవాబు నాలుక మీదే ఉంటుంది. 'పదకొండు గంటలకు ఫలానా చోటికి చేరకపోతే అక్కణ్నుంచి తిరిగి వచ్చేస్తాం', 'ముందు రోజు వాన పడితే వాయిదా', 'ఎవరైనా అలిసిపోతే మధ్యలో తారు రోడ్డుకు తగిలే దారి ఉంది, అక్కడికి బండి పిలుస్తాం' అని చెబుతాడు. దారి తెలియడం గొప్ప కాదు, ఆ ఊరి మేకల కాపరికీ తెలుసు. ఈ గుంపుకు ఈ రోజు ఎంత చాలు అనేది తెలియడం గైడ్‌తనం. 'మావాళ్లు ఎవరూ మధ్యలో ఆగలేదు మేడమ్, అందర్నీ పైదాకా ఎక్కిస్తాం' అని గర్వంగా చెప్పేవాడికి మీ డబ్బు ఇవ్వకండి.

ఇంకొకటి గమనించండి. డబ్బు తీసుకునే ముందు అతను మిమ్మల్ని ఏమైనా అడుగుతున్నాడా? ఎత్తెంత అని అడిగితే సైకిల్ సైజు గురించి ఆలోచిస్తున్నాడని. ఈమధ్య ఎప్పుడు తొక్కారు, ఏ మందులు వాడుతున్నారు అని అడిగితే మీ గురించి ఆలోచిస్తున్నాడని. ఫోన్‌పే నంబరు తప్ప ఏమీ మాట్లాడనివాడికి మీరు ఆ రోజు లెక్కలో ఒక తల, అంతే. మీ అబ్బాయి మైనరు కాబట్టి మీ చేత సంతకం పెట్టించుకునే కాగితం ఒకటి ఉంటుంది. దాన్ని ముందే పంపమనండి, ఇంట్లో తీరిగ్గా చదవండి. పొద్దున్నే ఆరింటికి చీకట్లో చదివి పెట్టే సంతకం మంచిది కాదు.

ఆడవాళ్ల విషయం ఒకటి మొహమాటం లేకుండా అడగాలి. బాత్రూం ఎక్కడ? గుంపులో ఇంకెవరైనా ఆడవాళ్లు ఉన్నారా? దారిలో చోటు ఉండదని మనవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. పదింటికల్లా తలనొప్పి, పన్నెండింటికి కళ్లు తిరగడం, కాళ్లు పట్టేయడం. ఎండ వల్ల అనుకుంటారు గానీ అసలు కారణం పొద్దుట్నుంచి గుక్కెడు నీళ్లు తాగకపోవడం. బయలుదేరే చోట, భోజనాల చోట బాత్రూం ఉంటే మధ్యలో మూడు గంటలు గడిచిపోతాయి. లేదని చెబితే ఏర్పాటు చేయమనండి. డబ్బు కడుతున్నారు, అడగడం మీ హక్కు.

బీపీ గురించి. మాత్ర పేరు మీరు రాయలేదు. కొన్ని మాత్రలు ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపేస్తాయి. అవి వాడేవాళ్లకు చెమట పట్టే రోజున నీరు త్వరగా తగ్గుతుంది, చటుక్కున లేచి నిలబడితే తల తిరగవచ్చు. ఇంకొన్ని గుండె వేగాన్ని పెరగనివ్వవు, వాటితో ఎక్కుడులో మామూలు కంటే ముందే ఆయాసం వస్తుంది. మీది ఏ రకమో డాక్టర్‌ని అడగండి, ఈ ప్రయాణం గురించి చెప్పి, ఓఆర్ఎస్ తాగవచ్చా అని కూడా అడగండి, అందులో ఉప్పు ఉంటుంది కదా. మీ అంతట మీరు ఆ రోజు మాత్ర మానేయకండి. ఎక్కేటప్పుడు పక్కవాళ్లతో రెండు ముక్కలు మాట్లాడగలుగుతున్నారంటే వేగం సరిగ్గా ఉన్నట్టు. మాట రావడం లేదంటే దిగి నడవండి. ఛాతీలో పట్టేసినట్టున్నా, చూపు మసకబారినా అక్కడే ఆగి గైడ్‌కి చెప్పండి.

ఇప్పుడు ఈ నెలలో చేయాల్సిన పని. ఎవరి దగ్గరైనా గేర్ సైకిల్ తీసుకుని తెల్లవారాక, బళ్లు మొదలవక ముందు, మీ కాలనీ రోడ్లలోనో స్కూలు గ్రౌండ్‌లోనో తొక్కండి. వారంలో మూడు రోజులు, అరగంట చాలు. మీరు టీచరు కాబట్టి గ్రౌండ్ దొరకడం కష్టం కాదనుకుంటాను. దూరం తొక్కాలని చూడకండి. మూడు సంగతులు చేతికి రావాలి.

ఒకటి గేర్లు. ఎత్తు మొదలయ్యాక, కాలు బలంగా నొక్కుతున్నప్పుడు గేరు మారిస్తే చైన్ గిలగిల్లాడుతుంది, ఒక్కోసారి ఊడుతుంది. ఎత్తు కనబడగానే, ఇంకా తేలిగ్గా తొక్కుతున్నప్పుడే తేలిక గేరుకు మార్చుకోవాలి.

రెండోది బ్రేకు. ముందు బ్రేకు పడితే తలకిందులవుతామని మనకు చిన్నప్పుడు చెప్పి భయపెట్టారు. బండిని ఆపే బలంలో ఎక్కువ పాలు ముందు బ్రేకుదే. గట్టిగా ఒక్కసారి నొక్కితేనే ప్రమాదం. రెండు బ్రేకుల మీదా ఒక్కో వేలు పెట్టి, మెల్లగా, రెండూ కలిపి, కొద్దికొద్దిగా పట్టడం అలవాటు చేసుకోండి. వెనకది ఒక్కటే పడితే గరప మీద చక్రం జారుతూ పోతుంది గానీ ఆగదు. ఇంకో మాట, మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి. మలుపులోకి వచ్చాక బ్రేకు పట్టడమే కొత్తవాళ్లు ఎక్కువగా పడే చోటు.

మూడోది వాలు దిగడం. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, మీ భయమంతా ఇక్కడే ఉంటుంది. మట్టిదారిలో దిగేటప్పుడు సీటు మీద కూర్చోకూడదు. పెడళ్లు రెండూ ఒకే ఎత్తులో ఉంచి వాటి మీద నిలబడాలి. ఒక పెడల్ కిందికి ఉంటే రాయి తగిలి సైకిల్ తన్నేస్తుంది. మోకాళ్లు, మోచేతులు వదులుగా వంగి ఉండాలి. సిటీ బస్సులో నిలబడి గతుకుల రోడ్డు మీద వెళ్లేటప్పుడు మన కాళ్లు ఎలా సర్దుకుంటాయో, అలాగే. సైకిల్ కింద ఎగిరెగిరి పడుతుంది, మీరు పైన నిలకడగా ఉంటారు. చూపు చక్రం ముందు కాకుండా నాలుగైదు గజాల దూరంలో, మీరు వెళ్లాలనుకున్న చోట ఉండాలి. రాయిని చూస్తూ ఉంటే రాయి మీదికే పోతాం, ఇది ఎవరికైనా జరిగేదే. రాళ్ల మధ్య సందు చూడండి. గ్రౌండ్‌లో రెండు ఇటుకలు పెట్టి వాటి మధ్య నుంచి నిలబడి పోవడం సాధన చేస్తే చాలు, మిగతాది కొండ దగ్గర గైడ్ నేర్పాలి. దిగడానికి ముందు సీటు కొన్ని అంగుళాలు కిందికి దించమనండి. మనసు ఒప్పకపోతే దిగి, సైకిల్ పట్టుకుని నడవండి. ఏళ్ల తరబడి తొక్కుతున్నవాళ్లు కూడా కష్టమైన చోట దిగి నడుస్తారు.

చాలామంది కొత్తవాళ్లను 'ముందు తారు ఘాట్ రోడ్డు మీద దిగండి, అది తేలిక' అని గుంటూరు అవతల కొండవీడు లాంటి చోటికి పంపుతుంటారు. నేను ఒప్పుకోను. కోట చూడాల్సిందే, చెరువులు చూడాల్సిందే. కానీ నున్నటి ఘాట్ రోడ్డు మీద సైకిల్‌కి మీకు తెలియకుండానే వేగం వస్తుంది, ఎదురుగా కార్లు, మోటార్ సైకిళ్లు వస్తాయి. మట్టిలో అయితే వేగమే రాదు, పడినా మెల్లగా పడతాం. బ్రేకు చేతికి వచ్చేదాకా మట్టే మేలు.

మీ అత్తయ్యగారి మాట కొట్టిపారేయదగ్గది కాదు. ఈ ఆటలో దెబ్బలు తగులుతాయి. మోకాళ్లు, మోచేతులు గీరుకుపోవడం మామూలు. ఎముక విరిగిందంటే ఎక్కువగా మణికట్టు, భుజం దగ్గరి కాలరు ఎముక, ఎందుకంటే పడబోతూ చెయ్యి చాచి నేలను ఆపాలని చూస్తాం. వేళ్లన్నీ కప్పే గ్లవ్స్, మోకాళ్ల ప్యాడ్లు, నడిచి దిగే ధైర్యం, ఈ మూడూ ఉంటే ప్రమాదం చాలా తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం ఆవిడకు చెప్పకండి. నిజం చెప్పి, ఏం జాగ్రత్తలు తీసుకున్నారో చెబితే ఆవిడే సర్దుకుంటారు. నెల రోజులు పొద్దున్నే మీరు సైకిల్ తొక్కి రావడం ఆవిడ కళ్లారా చూస్తారు కదా.

హెల్మెట్ వాళ్లిచ్చేదే అయితే లోపలి థర్మాకోల్ లాంటి భాగంలో పగులు ఉందేమో చూడండి. ఒక్కసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ ఇంక పనికిరాదు, పైకి ఎంత మెరుస్తున్నా సరే. కనుబొమల మీద రెండు వేళ్ల ఎత్తులో కూర్చోవాలి, గడ్డం కింద పట్టీలో ఒక వేలు మాత్రమే దూరాలి. జడ కిందికి వేసుకోండి, కొప్పు ఉంటే హెల్మెట్ ముందుకు వాలుతుంది. మోటార్ సైకిల్ హెల్మెట్ వద్దు, ఉక్కిరిబిక్కిరవుతారు. చున్నీ, వదులు ప్యాంటు అసలే వద్దు, చైన్‌లో పడితే లాగేస్తుంది. కాళ్లకు పట్టి ఉండే ట్రాక్ ప్యాంటు, ముందు వెనక మూసి ఉన్న బూట్లు. మంగళసూత్రం గొలుసు లోపలికి వేసుకుని పిన్ను పెట్టుకోండి.

సైకిల్ అందుకోగానే రెండు పనులు. నిలబడి పైకడ్డీకీ మీకూ మధ్య కాస్త సందు ఉందా చూడండి. లేకపోతే చిన్న సైజు అడగండి, 'సర్దుకోండి' అంటే ఒప్పుకోకండి. తర్వాత టైరు నొక్కి చూడండి. మనకు టైరు రాయిలా ఉంటే గాలి బాగున్నట్టు లెక్క, ఇక్కడ అలా ఉంటే వదులు రాళ్ల మీద జారుతుంది. కొండదారికి గాలి ఒత్తిడి 30 పీఎస్‌ఐ దగ్గర్లో ఉండాలి, మనిషి బరువును బట్టి కాస్త అటూఇటూ. మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి తెగుతుంది. తుమ్మముళ్లు, పల్లేరుకాయల వల్ల పంక్చర్లు ఎలాగూ అవుతాయి. ట్యూబులు ఎన్ని తెస్తున్నారని గైడ్‌ని అడగండి. ప్యాచీ వేసుకుంటూ కూర్చుంటే ఒక్కోదానికి పావుగంట పోతుంది.

సంక్రాంతి రోజుల్లో వాన ఉండకపోవచ్చు గానీ పడిందంటే వాయిదా వేయమనండి. దారిలో నల్లరేగడి పొలం వచ్చిందంటే తడిమట్టి టైరుకూ, దాన్ని రెండు పక్కలా పట్టి ఉంచే ఫోర్కుకూ మధ్య కూరుకుపోయి చక్రం తిరగదు. సైకిల్‌ని మోయాల్సి వస్తుంది. పైగా తడి బాటలో చక్రాలు వేసిన గాడులు ఎండాక అలాగే గట్టిపడిపోయి, రోజూ ఆ దారిన నడిచే ఊరివాళ్ల కాళ్లకు అడ్డుపడతాయి. అది వాళ్ల దారి. పుల్లల మోపు నెత్తిన పెట్టుకుని ఎవరైనా ఎదురొస్తే దిగి పక్కకు నిలబడండి, మేకలు వస్తే ఆగండి, గంట మోగించి తరమకండి. సైకిళ్ల మధ్య అయితే ఎక్కేవాళ్లకు దిగేవాళ్లు దారి ఇవ్వాలి.

తిండి సంగతి మీకు చెప్పనక్కర్లేదు. రెండు గంటల ముందు ఇడ్లీ, సంచిలో అరటిపండ్లు, వేరుశనగ చిక్కీ, మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు. పాముల గురించి అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. చలికాలంలో తక్కువ తిరుగుతాయి. రాళ్ల సందుల్లో, పొదల్లో చెయ్యి పెట్టకండి. కాటు పడితే తాడు కట్టడం, కోయడం, పసరు పూయడం ఏదీ వద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి. కొండ మడతల్లో ఫోన్ సిగ్నల్ అందని చోట్లు ఉంటాయి కాబట్టి ఎక్కడికి వస్తే అందుతుందో గైడ్‌కి తెలిసి ఉండాలి.

మీవారికి ఒక పని అప్పగించండి. బయలుదేరే చోటు, గైడ్ నంబరు, వెనక వచ్చే మనిషి నంబరు, తిరిగి వచ్చే టైము ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. నాలుగింటికల్లా మీ ఫోన్ రాకపోతే ఎవరికి చేయాలో ఆయనకు తెలియాలి. చదువు పోతుందన్న మాటకొస్తే, పొద్దున స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా కుర్చీకి అతుక్కుపోయిన పిల్లలు మన ఊళ్లో ఎంతమంది ఉన్నారో మీకు నాకంటే బాగా తెలుసు. పదహారేళ్ల వాడికి ఏడాదిలో ఒక్క పగలు ఎండ తగలాలి, అలిసిపోవాలి, ఆకలెయ్యాలి. దీనికి ఆయన్ను ఒప్పించాల్సి రావడమే నాకు బాధగా ఉంది.

మీ అబ్బాయితో కూడా మాట్లాడాలి. అయితే ఇంట్లోనే, స్నేహితులు లేనప్పుడు. ముగ్గురు కుర్రాళ్లు కలిస్తే ఎవరూ చెప్పకుండానే పందెం మొదలవుతుంది. మూడు షరతులు పెట్టండి, నాలుగోది పెట్టకండి. హెల్మెట్ భోజనాల దాకా తీయకూడదు. ముందు సైకిల్‌కీ తన సైకిల్‌కీ మధ్య ఎప్పుడూ నాలుగైదు సైకిళ్ల దూరం ఉండాలి. గైడ్ ఆగమన్నచోట ఆగాలి. ఆ ముగ్గురినీ ఒకరి వెనక ఒకరిని కాకుండా విడదీసి వరసలో పెట్టమని గైడ్‌కి ఫోన్‌లోనే చెప్పండి, ఆ మాట మీరన్నట్టు పిల్లలకు తెలియనక్కర్లేదు. దారిలో వెనక నుంచి 'మెల్లగా రా' అని కేకలు వేయకండి. కేక విని వెనక్కి తిరిగి చూస్తాడు, పడేది అప్పుడే. భోజనాల దగ్గర కూడా వాణ్ని వాళ్ల స్నేహితులతోనే కూర్చోనివ్వండి. మీకూ మాట్లాడుకోవడానికి మనుషులు దొరుకుతారు.

డబ్బుకు గడువు ఈ వారమే అన్నారు కాబట్టి రేపే ఫోన్ చేయండి. అనుమతి, వెనక వచ్చే మనిషి, వెనక్కి తిప్పే సమయం, ఈ మూడింటికీ సూటిగా జవాబు వస్తే కట్టేయండి. ఒక్కదానికి నసిగినా ఆగిపోండి. అప్పుడు మీ ఇద్దరూ ఈ సెలవుల్లో కాలువగట్ల మీద పొద్దున్నే సొంతంగా తొక్కుకోండి. ఈ సెలవులయ్యాక వాడికి పరీక్షలు, ఏప్రిల్ మే నెలల్లో మన బెజవాడ ఎండకు ఆ కొండల మీదికి ఎవరూ పోకూడదు. వానలు పోయాక, కార్తీకం దాటి మార్గశిరంలో, ఇంకో గైడ్‌ని ఇవే ప్రశ్నలు అడిగి వెళ్లవచ్చు.